ఒక్క చుక్క కింద పడకుండా

1979 జూన్‌లో నన్ను ఆళ్ళగడ్డ తాలూకాలోని ఒక చిన్న పశువైద్యశాలకు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. ఊరి పేరు రాయను. ఆనాటి మనుషులు అక్కడ ఇంకా ఉన్నారు, నేను చెప్పబోయేది అంత గొప్పగా చెప్పుకోవలసిన సంగతీ కాదు. ఆర్డరులో "అసిస్టెంట్" అన్న మాట చూసి మా తెనాలి చుట్టాలు నేనెవరి దగ్గరో సహాయకుడిగా చేరాననుకున్నారు. నిజానికి అలాంటి ఆసుపత్రికి పెద్ద ఆ పదవే. దాని కింద మందులు కలిపి కట్లు కట్టే కాంపౌండరు, టీకాలు వేసే లైవ్‌స్టాక్ అసిస్టెంటు, ఒక అటెండరు ఉండాలి. నేను చేరేనాటికి కాంపౌండరు రిటైరై ఏడాది దాటింది, ఆ కుర్చీలో మరొకరిని వేయలేదు. లైవ్‌స్టాక్ అసిస్టెంటు సైకిలెక్కి ఊళ్లు తిరుగుతూ ఉండేవాడు. ఇక ఆసుపత్రిలో నాకు తోడు మిగిలింది అటెండరు మద్దిలేటి.

కాగితం మీద మద్దిలేటి పని ఊడ్చడం, నీళ్లు పట్టడం, తపాలా తేవడం. చేసేది కాంపౌండరు పనంతా. మనిషి గుంజలాగా ఉండేవాడు. మదమెక్కిన కోడెనైనా తాడు వేసి పడగొట్టగలడు. ఐదేళ్లుగా టెంపరరీగానే ఉన్నాడు. పర్మినెంటు చేసే ఫైలు నంద్యాలలో మా పై అధికారి బల్ల మీద ఉంది, ఇక్కడి డాక్టరు అభిప్రాయం రాసి పంపితే గాని అది కదలదు. నేను చేరిన మూడో రోజే ఆ సంగతి నా చెవిన వేశాడు. ఉద్యోగం పర్మినెంటయితే తప్ప పిల్లనిచ్చిన మామ తనను మనిషి కింద లెక్క కట్టడట, పండక్కి పోయినా మంచం వాల్చడట. చూసి రాస్తానన్నాను.

చూశాను. పశువుకు మందు తాగించడంలో అతనిది పెద్ద పేరు. ఉబ్బరం, అజీర్తి లాంటి వాటికి ఆ రోజుల్లో నూనెలో టర్పెంటైన్ వగైరా కలిపి, ఏటవాలుగా కోసిన వెదురు గొట్టంతో నోట్లో పోసేవాళ్లం. మద్దిలేటి పశువును ట్రావిస్‌లో, అంటే నాలుగు గుంజలు పాతి చేసిన చట్రంలో, నిలబెట్టేవాడు. మోర ఆకాశానికెత్తి, గుడ్డతో నాలుక పట్టి బయటికి గుంజి, గొట్టం దించి గడగడా పోసేవాడు. ఒక్క చుక్క నేల మీద పడేది కాదు. మాకు మందులు మూడు నెలలకొకసారి వచ్చేవి, అవీ అడిగినదాంట్లో సగం. అందుకని ఆ నేర్పు నాకు మహా ముచ్చటగా ఉండేది. ఆగస్టులో అభిప్రాయం రాసి పంపినప్పుడు "మందు ఒక్క చుక్క కింద పడకుండా తాగించగల నేర్పరి" అని ప్రత్యేకంగా రాశాను. ఆ వాక్యం రాసినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ఆ నెలాఖరున నంద్యాల నుంచి ఇస్సాకు వచ్చాడు. అక్కడి ఆసుపత్రిలో సీనియర్ కాంపౌండరు. కాంపౌండర్లు లేని ఆసుపత్రుల్లో రెండేసి వారాలుండి సిబ్బందికి పని నేర్పి రావాలని అతనికి ఆర్డరు. శిక్షకుడు అన్న పదవి మా శాఖలో ఎక్కడా లేదు. డాక్టర్లకు తరగతులూ సర్టిఫికెట్లూ ఉండేవి గాని, పశువును నిజంగా చేత్తో పట్టుకునేవాళ్లకు నేర్పే దిక్కు ఇస్సాకు లాంటి ఒకరిద్దరే. కొలిమిగుండ్ల మొదలు ప్యాపిలి దాకా ఆసుపత్రుల్లో ఆయన్ని "పాఠాల కాంపౌండరు" అనేవారు. ఏభై ఏళ్లుంటాయి. సన్నటి మనిషి, తెల్లచొక్కా, జేబులో దారం కట్టిన థర్మామీటరు. వెంట ఒక రేకు పెట్టె. నాన్న పాలేరు, తాను మిషన్ బడిలో చదువుకున్నానని చెప్పాడు. అంతకు మించి సొంత సంగతులు ఎత్తేవాడు కాదు.

ఆ పెట్టెలో పుస్తకాలుంటాయనుకున్నాను. తాళ్లు, మొండిబారిన సూదులు, ఒక స్టీలు గ్లాసు ఉన్నాయి. అతని పద్ధతి విచిత్రంగా ఉండేది. "అది తప్పు" అన్న మాట నోట రాదు. ముడి ఎలా వేయాలో చెప్పే ముందు, మనం వేసే ముడిని మన మణికట్టుకే వేయించి, ఒక్క గుంజుతో విప్పుకోమంటాడు. విప్పుకోలేక అవస్థపడుతుంటే పక్కన నిలబడి చూస్తాడు. మేము ఇరవై పశువులకు వాడిన సూదిని మద్దిలేటి ముంజేతికి ఆనించి, గుచ్చుకోమన్నాడు. మద్దిలేటి రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారికి సూదులు నూరే రాయి ఎక్కడుందని అడిగాడు.

"గొడ్డుకు నోరుల్యా గదప్పా. దాని బదులు మనమన్నా అనుభవించి సూడాల" అన్నాడు ఇస్సాకు. అతని పాఠం మొత్తం ఆ రెండు మాటలే.

నాకు అప్పుడు ఇరవై ఆరేళ్లు. కొత్త డిగ్రీ, కొత్త రబ్బరు స్టాంపు. నా ఆసుపత్రిలో ఒక కాంపౌండరు పాఠాలు చెప్పడం నాకు మింగుడు పడలేదు. పాఠం జరిగేటప్పుడు గదిలో కూర్చుని ఏదో రాసుకుంటున్నట్టు నటిస్తూ, తెర సందులోంచి వినేవాణ్ని. అతను మాత్రం రోజూ పొద్దున్నే గుమ్మం దగ్గరికొచ్చి, పాఠం మొదలుపెడుతున్నామని చెప్పి పోయేవాడు. రమ్మని అనేవాడు కాదు.

ఏ ఆసుపత్రికి పోయినా అతను మొదట అడిగేది కేసుల రిజిస్టరు. ఏ పశువు, ఎవరిది, ఏ జబ్బు, ఏ మందు, ఏమైంది అని రోజూ రాసే లావాటి పుస్తకం. సాయంత్రాలు వరండాలో కూర్చుని దాన్ని వేలితో వరస వెంట వరస చదివేవాడు. మొదటి శుక్రవారం దాన్ని పట్టుకుని నా గదిలోకి వచ్చాడు. ఆరు చోట్ల పెన్సిలుతో చిన్న చుక్కలు పెట్టి ఉన్నాయి. చుక్క ఉన్న ప్రతిచోటా నా చేతిరాతే ఉంది: న్యుమోనియా, మరణం.

ఆ ఆరు మరణాలు నాకు తెలియనివి కావు. అప్పటికే వాటిని చూసి, ఈ చుట్టుపట్ల ఊపిరితిత్తులకు సోకే ఏదో అంటుజబ్బు తిరుగుతోందని అనుమానించి, నంద్యాలకు రిపోర్టు పంపాను. కొత్తగా వచ్చిన డాక్టరు కొత్త జబ్బు కనిపెట్టాడని పేరొస్తుందని లోలోపల ఆశ కూడా ఉండేది. ఇస్సాకు ఒక్కొక్క పేరుకూ మూడు నాలుగు రోజుల వెనక్కి పేజీ తిప్పి చూపించాడు. ఆరు పశువులూ అంతకు ముందు ఉబ్బరానికో అజీర్తికో మా దగ్గరికే వచ్చాయి. ఆరింటికీ గొట్టంతో మందు పోశాం. ఇంజెక్షను మాత్రమే వేసి పంపినవాటిలో ఒక్కటీ దగ్గి చావలేదు.

కాకతాళీయం అన్నాను. అతను సోమవారం మందు తాగించే పాఠం పెట్టుకున్నానని, అందాకా గొట్టం ముట్టకుండా ఉంటే మంచిదని చెప్పి, శనివారం సాయంత్రం బస్సుకు నంద్యాల పోయాడు. ఆదివారం ఆరాధన అతను ఎప్పుడూ మానేవాడు కాదు.

ఆదివారం పొద్దున ఉసేనప్ప అనే రైతు తన వలపటి ఎద్దును తోలుకొచ్చాడు. కాడికి కుడివైపు కట్టే ఎద్దును వలపటి ఎద్దంటారు. పచ్చిమేత ఎక్కువై కడుపు డోలులా ఉబ్బింది. మరి పది రోజుల్లో రేగడి చేలల్లో జొన్న విత్తనం పడాలి. ఒక ఎద్దు పడిపోతే గొర్రు కట్టేదెవరు? ఆ మనిషి ముఖంలో ఆ భయం తప్ప మరొకటి లేదు. నాకు ఇస్సాకు మాట గుర్తుంది. గుర్తులేదని రాస్తే అబద్ధమవుతుంది. గుర్తుండే, మద్దిలేటికి గొట్టం తెమ్మని చెప్పాను. అతను నా వైపొకసారి చూసి, ఎప్పటిలాగే నాలుక గుంజి పోశాడు. ఎద్దు ఒకసారి గింజుకుంది, ఒక పొడి దగ్గు దగ్గింది.

"సూడు సార్, ఒగ సుక్క గూడ పడనీల్యా" అన్నాడు మద్దిలేటి. శభాష్ అన్నాను. గంటలో ఉబ్బరం తగ్గి, ఉసేనప్ప దండం పెట్టి వెళ్లాడు.

సోమవారం పాఠం వరండాలో పెట్టారు. ఒక స్టూలు, రేకు పెట్టెలోని ఆ స్టీలు గ్లాసు, కుండలో నీళ్లు. ఆ రోజు లైవ్‌స్టాక్ అసిస్టెంటు కూడా ఉన్నాడు. ఇస్సాకు మద్దిలేటిని స్టూలు మీద కూర్చోబెట్టి, తల పూర్తిగా వెనక్కి వాల్చమన్నాడు. రుమాలుతో తన నాలుక తానే పట్టుకుని బయటికి లాగమన్నాడు. నోట్లో గుక్కెడు నీళ్లు పోసి, మింగమన్నాడు. మద్దిలేటికి పొలమారి, నీళ్లు ముక్కులోంచి వచ్చి, స్టూలు తన్నుకుని లేచాడు. లైవ్‌స్టాక్ అసిస్టెంటు నవ్వాడు. తర్వాత వంతు అతనిదే అయింది, నవ్వడం మానేశాడు. అప్పుడు ఇస్సాకు గుమ్మం వైపు తిరిగి, డాక్టరుగారు కూడా ఒకసారి చూస్తే బాగుంటుందని అన్నాడు. నాకు చాలా పనుందని చెప్పి తెర వేసుకున్నాను.

తెర వెనక పనేమీ లేదు. కాసేపు ఊరకే కూర్చున్నాను. తర్వాత కూజాలోంచి గ్లాసుడు నీళ్లు వంచుకుని, కుర్చీలో తల వెనక్కి వాల్చి, జేబురుమాలుతో నాలుక పట్టుకుని పోసుకున్నాను. నాలుక బయట ఉంటే మింగుడు పడదు. ఎంత ప్రయత్నించినా పడదు. నీళ్లు తమ దారి తాము చూసుకుని శ్వాసనాళంలోకి పోయాయి. కళ్ల వెంట నీళ్లు కారేట్టు దగ్గుతుంటే మద్దిలేటి పరిగెత్తుకొచ్చి నా వీపు మీద గుద్దాడు. రుమాలు ఇంకా నా చేతిలోనే ఉంది. అతను దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

ఈ ముక్క నాకు కాలేజీలో చెప్పలేదనుకోకండి. చెప్పారు, నోట్సులో రాసుకున్నాను, పరీక్షలో మార్కులు కూడా తెచ్చుకున్నాను. నాలుక వదిలేయాలి, మోర అడ్డంగా ఉండే దాకానే ఎత్తాలి, పెదవి మూల నుంచి బుగ్గలోకి కొద్దికొద్దిగా పోయాలి, దగ్గితే వెంటనే తల దించేయాలి. కానీ కాలేజీలో పోసేది అక్కడి అటెండర్లు. మేము నోటుపుస్తకాలు పట్టుకుని దూరంగా నిలబడేవాళ్లం. మద్దిలేటికి పాత కాంపౌండరు నేర్పాడు, ఆయనకు ఆయన ముందరివాడు నేర్పాడు. నేల మీద చుక్క పడకపోవడమే నేర్పని అందరూ అనుకున్నారు. నేను వచ్చి దానికి శభాష్ కలిపాను.

ఉసేనప్ప ఎద్దు గుర్తొచ్చింది. ఇస్సాకును పిలిచి, నిన్న ఏం జరిగిందో చెప్పాను. నన్నొక మాట అంటాడని చూశాను. అతను పెన్సిలిన్ సీసాలు లెక్కపెట్టి సంచిలో వేసుకుని, ఊరు ఎంత దూరమని అడిగాడు. రెండు సైకిళ్ల మీద బయలుదేరాం.

ఎద్దు కొట్టంలో మెడ చాచుకుని నిలబడి ఉంది. నెమరు లేదు. ముక్కుపుటాలు అదురుతున్నాయి, పక్కలు ఎగిసిపడుతున్నాయి. పిలవకుండానే డాక్టరు ఇంటికొచ్చాడని ఉసేనప్ప సంబరపడి మజ్జిగ తెప్పించాడు. ఆ గ్లాసు పట్టుకుని ఎలా తాగను? సూది వేశాక, పొద్దునా సాయంత్రం వచ్చి వారం రోజులు వేస్తామని చెప్పాను. దుమ్ములేని చోట కట్టాలని, నోట్లో ఏ మందూ పోయవద్దని చెప్పాను. జబ్బేమిటని అతనడిగాడు. ఆ క్షణంలో న్యుమోనియా అంటే సరిపోయేది. అది అబద్ధం కూడా కాదు. ఇస్సాకు ఎద్దు వీపు నిమురుతూ నా వైపు చూడకుండా నిలబడ్డాడు.

నిన్న మేం పోసిన మందులో కొంత కడుపులోకి పోకుండా ఊపిరితిత్తుల్లోకి పోయిందని, తప్పు ఎద్దుది కాదు, మాదని చెప్పాను.

ఉసేనప్ప వంగి ఎద్దు ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. ఆ సీమలో గేదెను ఎనుమంటారు. "సార్" అంటూనే "నువ్వు" అంటారు, అందులో అగౌరవం లేదు. "మా చిన్నాయన ఎనుము గూడా నువ్వు మందు పోసినాంకనే దగ్గి దగ్గి సచ్చిపాయ సార్. రోగమంటివి. ఆయప్ప ఇంగా తన కొట్టంలో ఏం దోషముండాదో అని కుమిలిపోతాండాడు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నాకు సెప్పినావు, బాగుండాది. ఆయప్పకు గూడ సెప్పు" అన్నాడు.

తిరిగి వచ్చేసరికి మద్దిలేటి ఆసుపత్రి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఎవరూ చెప్పకుండానే అతనికి లెక్క తెలిసిపోయింది. నేను నంద్యాలకు పంపిన రిపోర్టు తప్పని రాయక తప్పదు. కారణం రాస్తే, ఏ నేర్పును పొగిడి అతని ఫైలు కదిలించానో ఆ నేర్పే పశువులను చంపిందని రాసినట్టు. టెంపరరీ మనిషిని తీసేయడానికి అంతకన్నా ఏం కావాలి? రాయకుండా ఊరుకుంటే అతని ఉద్యోగమూ నా పేరూ నిలబడతాయి. ఇకమీద ఇక్కడ ఎవరూ నాలుక గుంజరు కదా, రాసి ఏం లాభమని ఇస్సాకుతో అన్నాను. నిజం చెప్పాలంటే అప్పుడు నేను ఆలోచించింది మద్దిలేటి గురించి సగమే.

"రాయాల సార్" అన్నాడు ఇస్సాకు. "ఈడ మానుకుంటే సాలదు. పక్క ఆసుపత్రిలో ఇంగొగ మద్దిలేటి ఇప్పుడు గూడా గుంజుతాంటాడు. అయితే పోసినోడి పేరొగటే రాస్తే అది సగం మాట. నేర్పనోళ్లు ఎవురో, పక్కన నిలబడి సూసినోళ్లు ఎవురో, అది గూడా రాయండి."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయినా, ఆ సాయంత్రమే రాశాను. అంటుజబ్బు రిపోర్టును వెనక్కి తీసుకుంటున్నానని రాశాను. ఏడు కేసులకూ కారణం మందు తాగించే పద్ధతి అని రాశాను. ఈ పనిలో అటెండరుకు ఎవరూ ఏనాడూ శిక్షణ ఇవ్వలేదని, ఆ పని నిజానికి అతనిది కాదని, నా కళ్లముందే జరుగుతుంటే నేను ఆపకపోగా మెచ్చుకుంటూ రాశానని రాశాను. అడుగున ఇస్సాకు తన డైరీలో రాసుకున్న వాక్యాన్ని ఎత్తి రాశాను: "మద్దిలేటి ఇప్పుడు నేర్చుకున్నాడు. ఇతరులకు చూపించగలడు."

నాకు మెమో వచ్చింది. ఇచ్చుకున్న సంజాయిషీ చాలలేదు, సర్వీసు రిజిస్టరులో హెచ్చరిక నమోదైంది. మద్దిలేటి ఫైలు వెనక్కి వచ్చింది గాని అతన్ని తీసేయలేదు. ఏడాదిన్నర తర్వాత పర్మినెంటు ఆర్డరు వచ్చింది. దాన్ని పట్టుకుని నేరుగా మామ ఊరికి పోయాడు, రెండు రోజులు సెలవు చీటీ కూడా ఇవ్వలేదు. ఉసేనప్ప ఎద్దు బతికింది. ఆ ఏడు మాత్రం కాడికి పనికి రాలేదు. అతను బావమరిది ఎద్దును అడిగి తెచ్చుకుని, అదను తప్పాక విత్తాడు.

ఇక పశువులు పోయిన ఆ ఆరుగురు. ఉసేనప్ప చిన్నాయన ఇంటికి మరునాడే పోయి చెప్పాను. ఆయన తిట్టాడు, తిట్టి నీళ్లిచ్చాడు. మరో ముగ్గురికి చెప్పాను. ఇద్దరి దగ్గరికి పోలేకపోయాను. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకుంటూండగా బదిలీ వచ్చింది. ఆ ఇద్దరి పేర్లూ నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. అది నా తప్పే, దానికి నా దగ్గర సాకు లేదు.

1984లో నేను నంద్యాలలో పనిచేస్తున్నప్పుడు ఇస్సాకు రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో డాక్టర్లందరం మాట్లాడాం. ఆయన మాత్రం మాట్లాడకుండా ఆ రేకు పెట్టెను మద్దిలేటికి ఇచ్చాడు. పాఠాలు చెప్పమని అటెండరుకు ఆర్డరు ఇచ్చే వీలు మా శాఖలో లేదు. అందుకని "సామాన్ల రవాణాకు సహాయంగా" అని రాసి అతన్ని బనగానపల్లె వైపు ఆసుపత్రులకు పంపేవాళ్లం. సామాన్లంటే ఒక స్టీలు గ్లాసు, కొన్ని తాళ్లు.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఒక్కటే. చూడ్డానికి శుభ్రంగా ఉన్న పనిని నమ్మకూడదు. పశువు ఒప్పుకోని గుక్క కింద పడాలి, పడనివ్వాలి. తర్వాతి ఏళ్లలో తనిఖీకి ఏ ఆసుపత్రికి పోయినా మొదట ట్రావిస్ దగ్గరికి పోయి నేల చూసేవాణ్ని. నూనె మరకలుంటే సరే అనుకుని, మామూలుగా రిజిస్టరు తెమ్మనేవాణ్ని. మరక లేకుండా నున్నగా ఉంటే ఒక స్టూలు, గ్లాసుడు నీళ్లు తెప్పించి, ముందుగా డాక్టరును కూర్చోమనేవాణ్ని.